మౌనమునకు అర్థము చెప్పిన తీగలు: నంద్యాల, ఆళ్లగడ్డ సీమల కొలతల చరిత్ర

తూర్పున నల్లమల, పడమట ఎఱ్ఱమల హద్దులుగా నిలిచియుండ, ఆ రెండింటి నడుమ కుందూనది ఉత్తరమునుండి దక్షిణమునకు పాఱుచు పెన్నను చేరుకొను నల్లరేగడి మైదానమే నంద్యాల సీమ. మహానంది మొదలుగాగల నవనందుల క్షేత్రములను గూర్చియు, ఆళ్లగడ్డ చేరువను నల్లమల కోనలో వెలసిన అహోబిల నృసింహుని గూర్చియు వ్రాసినవారు పెక్కురు కలరు. ఈ నేలలో పండు పత్తిని, వరిని, బనగానపల్లె మామిడిని గూర్చి వ్రాసినవారును కలరు. అయినను ఈ సీమకు ఇంతవఱకు ఎవరును పూనికతో చెప్పని చరిత్ర మఱియొకటి యున్నది. ఒకచోట కొలువబడిన అంకె, దానినిబట్టి నిర్ణయము చేయవలసిన మనుష్యుని యొద్దకు ఏ త్రోవను, ఎంత వేగమున, ఎంత నమ్మకముగా చేరుచుండెనన్నదే ఆ చరిత్ర. నేడు సిమెంటు కర్మాగారమునందలి సెన్సారులను ఏ నెట్‌వర్కుతో కలుపవలెనని ఇంజనీర్లు తర్జనభర్జన పడుచున్నపుడు అది నిన్నమొన్న పుట్టిన సమస్యగా తోచును గాని, కాలువగట్టు లస్కరును, రైల్వే స్టేషను మాస్టరును, సిమెంటు కిల్నుముందు నిలిచిన బర్నరును తమతమ కాలములందు ఈ సమస్యనే ఎదుర్కొనిరి. వారు కనుగొన్న పరిష్కారములను పరిశీలించినకొలది నాకు ఒక్క విషయము దృఢపడినది: వార్తను మోయు తీగను ఎన్నుకొనువాడు, అది పలికినపుడు ఎంత చెప్పగలదని విచారించుటకు ముందు, అది పలుకక ఊరకున్నపుడు ఆ మౌనమునకు అర్థమేమని విచారింపవలెను.

కాలువతో మొదలుపెట్టుదము. తుంగభద్రపై సుంకేసులవద్ద ఆనకట్ట కట్టి, అక్కడినుండి కడపవఱకు మున్నూఱు కిలోమీటర్లకు పైబడిన కాలువను నడుపు కార్యమును మద్రాసు ఇరిగేషన్ కంపెనీవారు సర్ ఆర్థర్ కాటన్ ప్రోత్సాహమున చేపట్టి, 1863 మొదలు 1870 వఱకు పని సాగించిరి. కె.సి. కెనాల్ అని మనవారు నేటికిని పిలుచుచున్నది ఆ కాలువనే. నంద్యాల సీమలో ఇది కొంతదూరము త్రవ్విన కాలువగాను, కొంతదూరము కుందూనది రూపముననే సాగును. సంతజూటూరు, రాజోలి ఆనకట్టలు ఆ జలమును మరల కాలువలోనికి మళ్లించును. దీనిపై పడవలును నడువవలెను, దీనిక్రింద పైరులును పండవలెనని కంపెనీవారి సంకల్పము. పడవకు నీటిమట్టము నిలుకడగా నుండవలెను. రైతుకు నాట్ల వేళకు తూము నిండవలెను. ఈ రెండు కోరికలను సమన్వయించుటకు, గట్టున నాటిన గేజి రాతిమీది అడుగులును అంగుళములును తప్ప వేఱు ఆధారము లేదు. ఆ అంకెను కంటితో చూచువాడు లస్కరు. తలుపులెత్తుటకో దింపుటకో ఉత్తరువు ఈయవలసినవాడు మైళ్ల దూరమందుండు అధికారి. నడుమ నున్నది కాలినడక మాత్రమే. లస్కరు రాలేదన్నచో కాలువ క్షేమముగా నున్నందున రాలేదా, గండిపడి దారి తెగినందున రాలేదా? వానకు నాని రేగడిగట్టు జాఱిన రాత్రి ఈ సందేహము తీఱులోపల దిగువ పొలములెన్ని మునుగునో కుందూ ఒడ్డున సేద్యము చేసిన కుటుంబములకు వేఱుగా చెప్పనక్కఱలేదు. ప్రభుత్వమువారు 1882లో ఈ కాలువను కంపెనీనుండి కొనిరి. 1933లో పడవల రాకపోకలు నిలిచిపోయి అది కేవలము సాగునీటి కాలువ యైనది.

ఈ సీమలో మౌనమునకు నిశ్చితమైన అర్థమును కల్పించిన మొదటి సాధనము రైలుబాటతో వచ్చెను. 1880ల దశకమున సదరన్ మరాఠా రైల్వేవారి మీటరుగేజి మార్గము గుంతకల్లువైపునుండి ద్రోణాచలము, బేతంచెర్ల, పాణ్యముల మీదుగా నంద్యాలకు వచ్చి, గాజులపల్లె దాటి నల్లమలలో ప్రవేశించి, దొరబావి లోయను ఎత్తైన వంతెనతోను, బొగదవద్ద కొండను సొరంగముతోను దాటి, దిగువమెట్ట, గిద్దలూరుల వైపు సాగెను. ఒంటిదారి, దట్టమైన అడవి, మలుపులు, వాలులు. ఎదురెదురుగా రెండు బండ్లు ఒక్క పట్టాలపైకి వచ్చినచో తప్పుకొనుటకు చోటు లేదు. స్టేషనుకును స్టేషనుకును నడుమ టెలిగ్రాఫు తీగ కలదు గదా, వార్త పంపుకొనిన చాలదా యని అనిపించును. చాలదని ఇంగ్లండు దేశమున 1874లో థోర్ప్ గ్రామమువద్ద తేలిపోయినది. తంతి వార్తలో జరిగిన పొరపాటువలన అక్కడ ఒంటిదారిపై రెండు బండ్లు ఢీకొనెను. ఆ దుర్ఘటన తర్వాత ఎడ్వర్డ్ టయర్ అను నతడు 1878లో ఒక యంత్రమునకు పేటెంటు పొందెను. దానినుండియు, దానిని పోలిన ఇతర యంత్రములనుండియు పెరిగినదే మన దేశపు ఒంటిదారులపై బహుకాలము చెల్లిన టోకెను పద్ధతి.

దాని పనితీరును కొంచెము నిలిచి చూడవలెను. ఇరుగు పొరుగు స్టేషనులు రెండింటియందును ఒక్కొక్క యంత్రముండును. రెండును విద్యుత్ తీగతో ముడివడియుండును. ఆ యంత్రముల గర్భమున, ఏ సెక్షనుకు చెందినవో ఆ పేరు చెక్కిన ఇనుప బంతులుండును. అవతలి స్టేషను మాస్టరు సమ్మతించి తన యంత్రము మీటను నొక్కి పట్టినపుడు మాత్రమే ఇవతలి యంత్రము ఒక బంతిని విడుచును. ఒకటి బయటికి వచ్చినదా, అది ఈ యంత్రములోనో ఆ యంత్రములోనో తిరిగి పడువఱకు రెండింటిలో ఏదియు మఱియొక బంతిని విడువదు. ఆ బంతిని తోలుసంచిలో వేసి, పెద్ద వలయమునకు కట్టి, స్టేషనులో ఆగకుండ పోవు బండి డ్రైవరుకు ప్లాట్‌ఫారమునుండి ఎత్తి పట్టుకొనెడివారు. అతడు చేయి చాచి వలయమును మోచేతికి తగిలించుకొని పోయెడివాడు. బంతి చేతిలో లేని డ్రైవరు కదలరాదు. తీగ తెగినచో బంతి రాదు. బంతి రానిచో బండి కదలదు. వార్త లేదనగా ఆగుమనియే అర్థము. గాలివానకు నల్లమలలో చెట్టు విఱిగి తీగమీద పడినచో ప్రయాణము ఆలస్యమగునే గాని ప్రాణము పోదు. పారిశ్రామిక నెట్‌వర్కులను గూర్చి ఎన్ని గ్రంథములు వచ్చినను, వానియందు చెప్పు రక్షణసూత్రములలో ముఖ్యమైనది ఈ ఇనుప బంతియందు అంతకుముందే యిమిడియున్నదని నా దృఢాభిప్రాయము. ఈ దారి 1990ల దశకమున బ్రాడ్‌గేజిగా మాఱినది.

నంద్యాలనుండి దక్షిణముగా సిర్వేలు మీదుగా పోయినచో ఆళ్లగడ్డ వచ్చును. దేవతావిగ్రహములను మలచు శిల్పులకు ఆ యూరు ప్రసిద్ధి. శిల్పి ఉలి పట్టకమునుపే రాతిని పరీక్షించును. దిమ్మెను సుత్తితో ఒకకొనను మెల్లగా తట్టి, రెండవ కొనవైపు తలవంచి చెవి యొగ్గును. నాదము గంటవలె నిడుపుగా సాగినచో రాయి నిర్దోషము, నడుమ బొంగురుపోయినచో లోపల పగులో పొరయో కలదు. అట్టిదానిని ప్రక్కకు దొర్లించివేయును. ఇచ్చట కొలిచిన చెవియు, నిర్ణయించు బుద్ధియు, ఆచరించు చేయియు ఒక్క మనుష్యునివే గనుక వార్తకు త్రోవ అనునదే అక్కఱలేదు. చిన్న పరిశ్రమలన్నియు చాలకాలము ఇట్లే నడచినవి. నంద్యాల, సిర్వేలు, కోయిలకుంట్ల ప్రాంతముల పత్తికి బజారులో నార్తరన్సు అని పేరుండెడిది. 1906లో నంద్యాలయందు నెలకొల్పబడిన వ్యవసాయ పరిశోధన క్షేత్రము ఆ పత్తిపై ఎంతో కృషి చేసినది. ఆ పత్తిని ఏకిన జిన్నింగు మిల్లులందు నిప్పు సోకినదన్న తొలి వార్త కావలివాని ముక్కుకే అందెడిది.

చెవియు చేయియు వేఱుపడుటకు సిమెంటు రావలసివచ్చినది. ఈ నేలకు సిమెంటు వచ్చుట యాదృచ్ఛికము కాదు. భూగర్భ సర్వేవారి విలియం కింగ్ కడప, కర్నూలు మండలముల శిలలను వర్ణించుచు 1872లో ప్రకటించిన గ్రంథమున ఈ సీమ ఊళ్ల పేర్లే శిలల పేర్లైనవి. పాణ్యము, బనగానపల్లెల పేర్లను శిలావర్గములకు పెట్టి, కుందూ పేరుతో మఱియొక వర్గమును కుందేరు అని పిలిచెను. కోయిలకుంట్ల సున్నపురాయి, నంద్యాల పలకరాయి అని నేటికిని భూగర్భశాస్త్ర విద్యార్థులు వల్లించుచుందురు. ఇంటి అరుగులకు పఱచు బేతంచెర్ల బండ ఆ సున్నపురాతి కుటుంబములోనిదే. ఆ రాతిని నమ్ముకొని పాణ్యం సిమెంట్స్ సంస్థ 1955లో రిజిష్టరు కాగా, బేతంచెర్ల ప్రక్కన రైలుబాటను ఆనుకొని దాని కర్మాగారము లేచి, బుగ్గానిపల్లెకు సిమెంటునగరమను పేరు తెచ్చినది. అటుపిమ్మట గడివేముల మండలపు బిలకలగూడూరువద్ద జె.ఎస్.డబ్ల్యు. సిమెంటు, బనగానపల్లె మండలపు యనకండ్లవద్ద శ్రీ జయజ్యోతి సిమెంట్స్, 2022లో కొలిమిగుండ్ల మండలపు కలవటలవద్ద రామ్‌కో సిమెంట్స్ వచ్చినవి.

సిమెంటు చేయుటలోని క్లేశమంతయు ఒక ఉక్కు గొట్టముయొక్క గర్భమున జరుగును. దానినే కిల్ను అందురు. ఏటవాలుగా పడియుండి మెల్లగా తిరుగుచుండు ఆ గొట్టములో ఒకకొననుండి రాతిపిండి జాఱుచు రాగా, రెండవ కొననుండి బొగ్గుపొడి మంట ఎదురు వచ్చును. పిండి 1450 డిగ్రీల సెంటీగ్రేడు వఱకు కాగి క్లింకరుగా గడ్డకట్టును. ఉక్కు ఆ వేడికి తాళదు గనుక లోపల అగ్ని ఇటుకలు పేర్చియుందురు. ఆ ఇటుక ఒకటి రాలెనా, ఆ చోట ఉక్కు ఎఱ్ఱబాఱును; రెడ్ స్పాట్ పడినదని పనివారు కలవరపడుదురు. తొలినాళ్ల సిమెంటు మిల్లులందు బర్నరు నీలపుటద్దము పట్టుకొని చిన్న కిటికీగుండ మంటను చూచి, క్లింకరు రంగునుబట్టి బొగ్గును తగ్గించుటయో హెచ్చించుటయో చేసెడివాడు. క్లింకరును నూఱు బాల్‌మిల్లువద్ద నుండువాడు ఆళ్లగడ్డ శిల్పి మార్గమునే అనుసరించెను: లోపల సరకు నిండినచో ఉక్కుగుండ్ల మోత మందగించును, సరకు తగ్గినచో గుండ్లు ఒకదానితో నొకటి కొట్టుకొని కర్ణకఠోరముగా మ్రోగును. ఆ చెవి స్థానమున మైక్రోఫోనును నిలిపి, ఆ మోతను తీగద్వారా దూరపు గదికి పంపినదినమున ఎలక్ట్రిక్ ఇయర్ అను పరికరము పుట్టినది. దానితోనే ఏ తీగ, ఎంత పొడవు, తెగినచో ఏమి గతి యను ప్రశ్నలును పుట్టినవి.

మొదటి సమాధానము గాలి. విద్యుత్తు కాక, నొక్కిన గాలియే సన్నని రాగిగొట్టములలో వార్తను మోసెను. కొలత సున్న యైనపుడు గొట్టములో చదరపు అంగుళమునకు 3 పౌనుల ఒత్తిడి, పూర్ణమైనపుడు 15 పౌనులు. సున్నకు 3 ఏల? గొట్టము చీలిపోయినచో ఒత్తిడి నిజమైన సున్నకు పడిపోవును. అపుడు కంట్రోలు గదిలోని ముల్లు 3కు దిగువకు జాఱి, ఇది కొలతలోని సున్న గాదు, గొట్టములోని లోపమని చూపించును. తర్వాత విద్యుత్తు ఆ స్థానము నాక్రమించి 4 మొదలు 20 వఱకు మిల్లీయాంపియర్ల పద్ధతి అమెరికాలో 1970ల దశకమున ప్రమాణముగా స్థిరపడినపుడు, ఈ నిష్పత్తియే, అనగా ఒకటికి ఐదు, యథాతథముగా నిలిచినది. నాలుగు మిల్లీయాంపియర్లు ప్రవహించుచున్నవనిన కొలత సున్న, పరికరము సజీవము. ఏమియు ప్రవహించుట లేదనిన తీగ తెగినది. తీగ ఎంత పొడవైనను ఒక్క వలయములో ప్రవాహము అంతటను ఒక్కటే గనుక, కిల్ను ప్రక్కనుండి కంట్రోలు గదివఱకు ఎన్నివందల మీటర్లున్నను అంకె చెడదు. వేడిని కొలుచు థర్మోకపుల్ స్వయముగా పుట్టించు విద్యుత్తు డిగ్రీకి మిల్లీవోల్టులో ఇరువదియైదవ వంతు మాత్రమే. పెద్ద మోటార్ల ప్రక్కన దానిని నగ్నముగా దూరము పంపినచో ఆ రొదలో కలిసిపోవును. దానికి ట్రాన్స్‌మిటరును తగిలించి ఈ వలయములో పెట్టినపుడే అది క్షేమముగా గమ్యము చేరును. నల్లమల రైలుబాటమీది ఇనుప బంతి చేసిన పనినే, సున్నకును శూన్యమునకును నడుమనున్న ఈ నాలుగు మిల్లీయాంపియర్లు కర్మాగారములో చేసినవి. ఈ పద్ధతి పుట్టి ఎన్నో దశాబ్దములు గడచినను నేటికిని చావకుండుటకు కారణమిదే.

దీని లోపమెల్ల ఖర్చులోనే కలదు. పరికరమునకొక జత తీగ. వేయి పరికరములకు వేయి జతలు. కేబులు ట్రేలు నిండి పొర్లినవి. సిమెంటు ధరలపై ప్రభుత్వ నియంత్రణ 1982లో కొంత, 1989లో పూర్తిగా తొలగుటతో దేశమంతట పెద్ద పెద్ద క్రొత్త మిల్లులు లేచినవి. నీటితో పిండిని కలుపు పాతపద్ధతి పోయి, ఆకాశమునంటు ప్రీహీటరు గోపురములతో పొడిపద్ధతి వ్యాపించెను. నంద్యాల ప్రజలు పి.వి. నరసింహారావుగారిని 1991 ఉప ఎన్నికలో లోక్‌సభకు పంపిన ఆ సంవత్సరముననే ఆయన ప్రభుత్వము లైసెన్సుల సంకెలలను సడలింపగా విదేశీ నియంత్రణ యంత్రములు సులభముగా దిగుమతి కాజొచ్చినవి. అంతకుముందు మనవారు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. మొగల్లు గ్రామమున పుట్టిన ఎ.ఎస్. రావుగారి నాయకత్వమున హైదరాబాదులో 1967లో స్థాపితమైన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ స్వదేశీ కంప్యూటర్లను, నియంత్రణ పరికరములను తయారుచేసి చూపెను. ఈ ఉపకారమును తెలుగువారు తగినంతగా స్మరించుట లేదు.

తీగల భారమును తగ్గించుటకు వచ్చిన ఉపాయములు పెక్కు. 1979లో మోడికాన్ సంస్థ మోడ్‌బస్ అను వార్తాపద్ధతిని వెలువరించెను. 1983లో వచ్చిన ఆర్‌.ఎస్.-485 ప్రమాణము ఒక్క జత తీగపై, 1200 మీటర్లవఱకు, 32 పరికరములను దండగ్రుచ్చుటకు వీలు కల్పించెను. 1980ల నడుమ రోజ్‌మౌంట్ సంస్థ సృష్టించిన హార్ట్ పద్ధతి వీనియన్నిటిలోను సౌమ్యమైనది. పాత 4–20 ప్రవాహమును కదల్పకయే దానిపై రెండు సన్నని స్వరములను ఎక్కించి, పరికరముయొక్క ఆరోగ్యవార్తను గూడ మోయించెను. జర్మనీలో 1987లో ప్రారంభమైన ప్రొఫీబస్, 1994లో ఏర్పడిన ఫీల్డ్‌బస్ ఫౌండేషన్ వారి పద్ధతి, మఱికొన్ని పరస్పరము పోటీపడి, వానిలో ఒకదానిని లోకమునకంతకు ప్రమాణముగా నిర్ణయింపవలసిన అంతర్జాతీయ సంఘము ఏండ్లతరబడి వాదించి, తుదకు ఐ.ఇ.సి. 61158 ప్రమాణమున ఎనిమిది వేఱువేఱు పద్ధతులకు ఒక్కసారే ముద్రవేసినది. నిర్ణయింపవలసినవారు తప్పుకొని భారమంతయు బిలకలగూడూరువంటి ఊళ్లలో మిల్లు కట్టు ఇంజనీరుపై వేసినారనుట నా అభిప్రాయము. ఒక్క కేబులుపై పది పరికరములను కట్టినచో రాగి మిగులునన్నది నిజమే. ఆ కేబులుపై పొక్లెయిను దంతము పడినచో పదియు ఒక్కసారే మూగవోవునన్నదియు అంతే నిజము.

ఏది ఎచ్చట తగునన్నది స్థలమునుబట్టి మాఱును. భాభా అణుపరిశోధన కేంద్రమున పనిచేసి, 1977లో ఆ కొలువు విడిచివచ్చిన ఎస్.పి.వై. రెడ్డిగారు నంద్యాలలో నంది పైపుల పరిశ్రమను పెంచిరి. పి.వి.సి. పైపు తీయు ఎక్స్‌ట్రూడరుకు వరుసగా నాలుగైదు వేడిమి మండలములుండును. వేడి మీఱినచో ప్లాస్టిక్కు మాడి ఘాటైన ఆమ్లవాయువు వచ్చును. అయినను కొలుచు థర్మోకపుల్‌కును, త్రిప్పవలసిన మీటకును నడుమ నాలుగు గజములే. యంత్రము ముందే ఆపరేటరు నిలిచియుండును. ఇట్టిచోట ఖరీదైన నెట్‌వర్కు పెట్టుట ధనమును వ్యర్థపఱచుటయే. అదే గడివేముల మండలపు గని గ్రామమువద్ద 2017లో పూర్తియైన 1000 మెగావాట్ల సౌరవిద్యుత్ పార్కును చూడుడు. వేల ఎకరములలో పలకలు పఱచుకొని యున్నవి. అట్టి క్షేత్రములలో పలకల విద్యుత్తును కూర్చు ఒక పెట్టెనుండి వార్త ఆలస్యమైనచో నష్టపోవునది కొన్ని యూనిట్ల విద్యుత్తే గనుక, దండగ్రుచ్చిన జత తీగలు చక్కగా చెల్లును. అయితే మిట్టనేలపై పిడుగుపాటు వేళ దూరదూరపు భూములనడుమ ఏర్పడు విద్యుత్ వ్యత్యాసము రాగితీగగుండ పరికరములను కాల్చును. అందువలన పెట్టెలనుండి ఇన్వర్టరు గదివఱకు రాగియు, గదికిని గదికిని నడుమ గాజుతీగయు వేయుట ఉత్తమమైన అలవాటు.

తీగయే లేని వార్త చివరగా వచ్చినది. దానికి గట్టి అవసరము కిల్నులోనే కలదు. తిరుగు గొట్టములో బిగించిన థర్మోకపుల్ వార్తను కదలని గోడకు తెచ్చుటెట్లు? పూర్వము కిల్ను చుట్టును లోహవలయములు బిగించి, వానిపై రాపాడు బ్రష్షులద్వారా తెచ్చెడివారు. ధూళి పట్టి, వేడికి అరిగి, ఆ స్లిప్ రింగు మాటిమాటికి మూగవోయెడిది. రేడియో ఆ బాధను తీర్చెను. 2007లో వైర్‌లెస్‌హార్ట్ వెలువడి 2010లో ఐ.ఇ.సి. ప్రమాణమైనది. పరికరములు ఒకదాని వార్తను మఱియొకటి అందుకొని ముందుకు పంపుకొనుట, సెకనులో నూఱవవంతుగా పంచుకొన్న కాలఖండములలో వంతులవారీగా పలుకుట, ఒక తరంగమున అడ్డంకి వచ్చిన మఱియొక తరంగమునకు మాఱుట దాని లక్షణములు. దూరములకు మన దేశమున 2005 నుండి లైసెన్సు అక్కఱలేని 865–867 మెగాహెర్ట్జుల పట్టీ కలదు. వెలుగోడునుండి నల్లమల పాదములవెంట సిర్వేలు, రుద్రవరము, ఆళ్లగడ్డల మీదుగా బ్రహ్మంగారిమఠము వైపు సాగు తెలుగుగంగ కాలువపై ఇట్టి సాధనములకు గొప్ప ఉపయోగము కలదు. 1983లో పని ప్రారంభమైన ఈ కాలువ మద్రాసు దాహమునకును సీమ పైరులకును ఒక్క నీటినే పంచవలెను. పంపకము న్యాయమగుటకు ప్రతి రెగ్యులేటరువద్ద మట్టము ఎంతో తెలియవలెను.

కాని రేడియోయందు పాత కాలువగట్టు దోషము మరల తలయెత్తుచున్నది. వార్త రాకపోయినచో బ్యాటరీ తీఱినదా, నడుమ లారీ నిలిచినదా, క్రొత్తగా కట్టిన ఇనుప గోడ అడ్డమా, నిజముగా కొంపమునిగినదా తెలియదు. వార్త రావలసిన గడువును ముందే నియమించి, గడువు మీఱినవెంటనే పాత అంకెను తెరనుండి తొలగించి కేక వేయునట్లు ఏర్పాటు చేయనిచో, కంట్రోలు గదిలోనివాడు గంట క్రిందటి చల్లని అంకెను చూచుకొనుచు నిశ్చింతగా కూర్చుండును. ప్రీహీటరు గోపురములోని గరాటువంటి సైక్లోను చోక్ అయి మూసుకొనినపుడు తొమ్మిదివందల డిగ్రీలకు చేరువగా కాగిన పిండి పైన పేరుకొనియుండును. దానిని కదలించుటకు పోయిన కూలివాని ఒంటిమీద అది విరుచుకుపడిన ప్రమాదములు సిమెంటు లోకమునకు క్రొత్తవి కావు. అందు మొదటి బలి ఎప్పుడును కాంట్రాక్టు కూలివాడే యగుటచేత, ఈ ఎన్నిక కేవలము సాంకేతిక విషయమని నేను ఒప్పుకొనను.

కనుక నా నిర్ణయమును దాపఱికము లేక చెప్పుచున్నాను. మనుష్యుని ప్రాణము ఆధారపడిన వార్తలు, అనగా కన్వేయరు వెంబడి కట్టిన పుల్‌కార్డు, ఎమర్జెన్సీ స్టాపు, సైక్లోను ఒత్తిడి మొదలైనవి, తెగినచో ఆగుమనునట్లు ప్రత్యేకమైన తీగపైననే నడువవలెను. నెట్‌వర్కుమీద నడుపదలచినచో అట్టి రక్షణకే ధ్రువీకరింపబడిన పద్ధతియై యుండవలెను. కిల్నును నడుపు కొలతలకు 4–20 వలయమును, దానిపై హార్టును నమ్మవచ్చును. మోటార్లు, డ్రైవుల వార్తాసమూహమునకు ఫీల్డ్‌బస్సో ఈథర్నెట్టో తగును. అయితే దానిని ఆఫీసు కంప్యూటర్లనుండి వేఱుచేసి యుంచవలెను; అంతమాత్రమున నిశ్చింతగా నుండరాదని 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ అను కంప్యూటరు పురుగు ఉదంతము లోకమునకు నేర్పినది. గనిదగ్గఱి దూరపు బేరింగు వేడి, నీటితొట్టి మట్టము మొదలైన నిదాన వార్తలను రేడియోకు విడువవచ్చును. ఎన్నిక ఏదైనను, ఎర్తింగు సరిగా చేసి, ఏ తీగ ఎచ్చటినుండి ఎచ్చటికి పోవుచున్నదో చిత్రపటమును నాటినాటికి దిద్దుకొననిచోట ఏ పద్ధతియు రాణింపదు.

ఈ సీమ సిమెంటు మిల్లులలో నీలపుటద్దమును పట్టినవారు, గాలిగొట్టములకు అతుకులు వేసినవారు, టోకెను వలయమును ఎత్తి పట్టినవారు పదవీవిరమణ చేసి నంద్యాల, బేతంచెర్ల, పాణ్యము వీధులలో వృద్ధులై యున్నారు. వారి పనిని గూర్చి తెలుగులో వ్రాసియుంచిన పుటలు చాల స్వల్పము. నంద్యాల పాలిటెక్నిక్కు, ఇంజనీరింగు కళాశాలల అధ్యాపకులు తమ విద్యార్థులను వారి యిండ్లకు పంపి, చెప్పినది చెప్పినట్లు వ్రాయించి, పాత ప్రెషరు గేజీలు, చార్టు రికార్డర్లు, టోకెను యంత్రములు తుక్కుగా కరిగిపోకమునుపే కళాశాలలో ఒక గది నిచ్చి భద్రపఱుపవలెనని వారిని వేడుకొనుచున్నాను.